చేపల తొట్టిలో తేలే ఆకు ఏం చేస్తుంది?

కొత్తగా చేపల తొట్టి కొన్న ఇళ్ళలో తరచూ వినిపించే మాట ఒకటుంది: "నీళ్ళు అద్దంలా ఉన్నాయండీ, అయినా చేపలు ఒక్కొక్కటే పోతున్నాయి." మొదటి నాలుగు రోజులు అంతా బాగానే ఉంటుంది. పిల్లలు పోటీపడి మేత వేస్తారు. రెండో వారం వచ్చేసరికి ఒక గప్పీ మూలకు చేరి కదలకుండా ఉండిపోతుంది. మర్నాడు ఇంకొకటి పైకొచ్చి నోరు తెరుస్తూ మూస్తూ కనిపిస్తుంది. దుకాణం వాడు జబ్బు చేపలు అంటగట్టాడని తిట్టుకుంటారు. నీళ్ళన్నీ పారబోసి, రాళ్ళూ ఇసకా కడిగి, ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద తెల్లగా పిండి, మళ్ళీ కొత్త చేపలు తెస్తారు. మళ్ళీ అదే తంతు.

అదే వీధిలో ఇంకో ఇంట్లో ఉన్న తొట్టి చూడ్డానికి అంత ముచ్చటగా ఉండదు. నీటి మీద పచ్చటి ఆకులు గుంపులు కట్టి ఉంటాయి, వాటి వేళ్ళు జానెడు లోతుకు వేలాడుతుంటాయి, నీళ్ళు కూడా కాస్త పసుపు తిరిగి ఉంటాయి. కానీ అక్కడ చేపలు పిల్లలు పెడతాయి, ఆ పిల్లలు వేళ్ళ మధ్య దాక్కుని పెరిగి పెద్దవవుతాయి.

తేడాలో పెద్ద వాటా ఆ ఆకులదే. కొందరు వాటిని అలంకారం అనుకుంటారు, కొందరు చెత్త అనుకుంటారు. నిజానికి అవి ఒక పని చేస్తాయి. ఆ పనిలో చివరి భాగం మాత్రం మన చేతుల్లో ఉంది. అది చాలామందికి తెలియదు కనుకే ఈ మొక్కలు పెంచి కూడా ఫలితం దక్కించుకోలేకపోతున్నారు.

కంటికి కనపడని మురికి

చేప విసర్జించేదంటే మనకు కనిపించేది తోకవెనక వేలాడే సన్నటి దారం మాత్రమే. అసలు మురికి అది కాదు. మేతలోని మాంసకృత్తులు చేప ఒంట్లో అరిగాక మిగిలే నత్రజనిలో ఎక్కువ భాగం మొప్పల గుండా అమ్మోనియాగా నేరుగా నీటిలోకి పోతుంది. దానికి రంగు లేదు. తొట్టిలో ఉండే మోతాదులో మన ముక్కుకు వాసన కూడా తగలదు. అందుకే నీళ్ళు అద్దంలా ఉంటూనే చేపను చంపగలవు.

నీటిలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి అమ్మోనియం, ఇది చేపకు పెద్దగా హాని చేయదు. రెండోది విడి అమ్మోనియా, ఇది మొప్పల్లోంచి లోపలికి చొరబడే విషం. ఏది ఎంత ఉండాలో తేల్చేది ముఖ్యంగా నీటి పీహెచ్. 25 డిగ్రీల వేడిలో పీహెచ్ 7 ఉంటే మొత్తంలో విషరూపం ఒక శాతం కన్నా తక్కువ. పీహెచ్ 8కి చేరితే అది సుమారు 5 శాతం, 9కి చేరితే మూడో వంతు దాటిపోతుంది. నీళ్ళు వేడెక్కినకొద్దీ ఆ వాటా ఇంకా పెరుగుతుంది. మన బోరు నీళ్ళు చాలాచోట్ల క్షారగుణం ఉన్నవే. కాబట్టి పుస్తకంలో రాసినంత మేతే వేసినా, ఏప్రిల్, మే నెలల్లో బోరునీటి తొట్టిలో చేపకు గండం ఎక్కువ.

ఈ అమ్మోనియాను తినే సూక్ష్మజీవులున్నాయి. రష్యా శాస్త్రవేత్త సెర్గీ వినోగ్రాద్‌స్కీ 1890 ప్రాంతంలో జ్యూరిచ్‌లో పనిచేస్తూ వీటిని విడదీసి చూపించాడు. ఒక రకం అమ్మోనియాను నైట్రైటుగా మారుస్తుంది, ఇంకో రకం నైట్రైటును నైట్రేటుగా మారుస్తుంది. నైట్రైటు కూడా విషమే: చేప నెత్తుటిలోని హిమోగ్లోబిన్‌ను పాడుచేసి, ప్రాణవాయువును మోయనివ్వకుండా చేస్తుంది. అలాంటి చేప మొప్పలు ఎరుపు పోయి గోధుమరంగుకు తిరుగుతాయి. నైట్రేటు వీటితో పోలిస్తే చాలా మెతక.

అక్వేరియం ఫిల్టర్లలో ఈ పని చేస్తున్నది ఎవరన్న దానిపై ఇటీవలి దాకా పాఠ్యపుస్తకాలే పొరబడ్డాయి. రెండో అంచెలో నైట్రోబాక్టర్ అనుకున్నచోట నైట్రోస్పైరా జాతి ఉందని 1990ల చివర్లో తేలింది. మంచినీటి తొట్ల ఫిల్టర్లలో మొదటి అంచె పనిలో చాలాచోట్ల పైచేయి బ్యాక్టీరియాది కాదని, ఆర్కియా అనే వేరే జీవజాతిదని 2011లో కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు చూపించారు. వీటి పేర్లు గుర్తుంచుకోనక్కర్లేదు. ఇవన్నీ మెల్లగా పెరిగే జీవులన్నది మాత్రం గుర్తుంచుకోవాలి. కొత్త తొట్టిలో ఇవి సరిపడా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. రెండో వారంలో చేపలు పోవడానికి కారణం ఇదే. స్పాంజిని తెల్లగా పిండి కడిగిన ప్రతిసారీ, అప్పుడప్పుడే కుదురుకుంటున్న ఆ సంతతిని మనమే కాలువలో కలుపుతున్నాం.

మొక్క ఏది ముందు తింటుంది?

ఇక్కడే మొక్కలు రంగంలోకి దిగుతాయి. మొక్కకూ నత్రజని కావాలి, అది లేకుండా ఆకు కట్టలేదు. నీటిలో అమ్మోనియం, నైట్రేటు రెండూ ఉన్నప్పుడు నీటిమొక్కల్లో చాలావరకు ముందు అమ్మోనియంనే తీసుకుంటాయి.

కారణం ఖర్చు. మొక్క తన మాంసకృత్తులు కట్టుకోవడానికి వాడేది అమ్మోనియం రూపాన్నే. నైట్రేటు దొరికితే దాన్ని రెండు మెట్లు దించి, మళ్ళీ అమ్మోనియంగా మార్చుకున్నాకే వాడుకోగలదు. ఆ మెట్లు దించడానికి ఎండ నుంచి సంపాదించిన శక్తిని ఖర్చుపెట్టాలి. వండిన అన్నం ఎదురుగా ఉంటే వడ్లు దంచి వండుకునేదెవరు? ఫిల్టర్‌లోని సూక్ష్మజీవులు చేసేది ఇందుకు సరిగ్గా తలకిందులు: అన్నాన్ని తిరిగి వడ్లుగా మార్చి పెడతాయి, ఆ మార్పులో పుట్టే శక్తితో బతుకుతాయి.

దీనివల్ల కొత్త తొట్టికి జరిగే మేలు పెద్దది. సూక్ష్మజీవులు కుదురుకునే ఆ నాలుగు, ఆరు వారాల గండకాలంలో మొక్కలు అమ్మోనియాను నేరుగా పీల్చేస్తాయి. మధ్యలో నైట్రైటు అనే రెండో విషం తయారవడం కూడా తగ్గుతుంది. అందుకే కొత్త తొట్టిలో చేప కన్నా ముందు మొక్క వేయమంటాను. వేసేది ఎంత త్వరగా పెరిగే జాతయితే అంత మంచిది. నెలకో ఆకు వేసే అనూబియాస్ లాంటివి చూడ్డానికి అందమే, కానీ నత్రజని ఆకలి వాటికి తక్కువ.

తేలడంలో ఉన్న సుఖం

మరి నీటి లోపలా బోలెడు మొక్కలుంటాయి కదా, తేలే వాటికే ఎందుకంత వేగం?

మొక్కకు కావలసిన మూడింట్లో నీళ్ళు ఇద్దరికీ సమానమే. వెలుతురు దగ్గర తేడా మొదలవుతుంది. పైన తేలేది దీపానికి అందరికన్నా దగ్గర, దానికి అడ్డు వచ్చేవారు లేరు. మూడోది కార్బన్ డయాక్సైడ్. అసలు రహస్యం ఇందులో ఉంది. ఈ వాయువు గాలిలో పాకే వేగంతో పోలిస్తే నీటిలో సుమారు పదివేల రెట్లు నెమ్మదిగా పాకుతుంది. నీటిలో మునిగిన ఆకు తన చుట్టూ ఉన్న పలచటి నీటి పొరలోని వాయువును వాడేసుకున్నాక, కొత్తది వచ్చేదాకా ఆగాల్సిందే. తేలే ఆకుకు ఆ తిప్పలు లేవు. దాని పత్రరంధ్రాలు పైవైపున గాలిలోకి తెరుచుకుంటాయి. ఆకలికి తగ్గ ఎరువు కింద వేళ్ళకు, తరగని కార్బన్ పైన ఆకుకు. అమెరికాకు చెందిన డయానా వాల్‌స్టాడ్ 1999లో రాసిన అక్వేరియం పుస్తకం తొట్టి పెంపకందారులకు ఈ విషయాన్ని బాగా పట్టించింది.

ఒక ఆకును చేతిలోకి తీసుకుని చూస్తే ఈ ఏర్పాటంతా కనబడుతుంది. అమెజాన్ ఫ్రాగ్‌బిట్ అనే మొక్క మన దుకాణాల్లో ఇప్పుడు సులువుగానే దొరుకుతోంది. రూపాయి బిళ్ళంత గుండ్రటి ఆకు, పైన నున్నగా ఉంటుంది. తిప్పి చూడండి. లేత ఆకు అడుగున తెల్లటి మెత్త ఉంటుంది. అందులో పక్కపక్కనే పేర్చినట్టున్న గదులు, వాటి నిండా గాలి. వేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోయి మళ్ళీ పైకి లేస్తుంది. ఆకు మునగకుండా నిలబెట్టేది అదే. వేళ్ళను వెలుతురుకు పట్టి చూస్తే, ఒక్కో వేరు చుట్టూ అన్నివైపులా సన్నటి నూగు కనిపిస్తుంది. ఆ నూగు ఒక్కోటీ ఒకే ఒక్క కణం. అమ్మోనియం లోపలికి వెళ్ళే వాకిళ్ళలో ముఖ్యమైనవి అవే.

సాల్వీనియాది ఇంకా విచిత్రం. ఇది పువ్వు పూయని ఫెర్న్. కింద వేలాడేవి వేళ్ళలా ఉంటాయి కానీ అవి వేళ్ళు కావు. కణుపు కణుపుకూ మూడు ఆకులు పుడితే రెండు పైన తేలతాయి, మూడోది సన్నటి పోగులుగా చీలి కిందికి దిగి వేరు పని చేస్తుంది. పై ఆకుల మీద నిలువుగా నూగు లేచి ఉంటుంది. సాల్వీనియా మోలెస్టాలోనైతే నాలుగేసి వెంట్రుకలు కొసల దగ్గర ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. వెంట్రుకంతా మైనం పూసినట్టుండి నీటిని తోసేస్తుంది, ఆ కొస మాత్రం నీటిని పట్టుకుంటుంది. అందువల్ల ఆకును ముంచినా దాని మీద గాలి పొర చెక్కుచెదరదు, వారాల తరబడి నిలుస్తుంది. జర్మనీలో బాన్ విశ్వవిద్యాలయానికి చెందిన విల్హెల్మ్ బార్త్‌లాట్ బృందం 2010లో ఈ రహస్యాన్ని వివరించింది. ఓడ అడుగుభాగానికి ఇలాంటి పూత వేస్తే నీటి ఒరిపిడి తగ్గుతుందేమోనని ఇంజనీర్లు చూస్తున్నారు.

బాక్స్: ఒక గ్రాము మేత ఎక్కడికి పోయింది?

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తున్న తొట్టి తీసుకుందాం. ఇసక, రాళ్ళు పోను అందులో పట్టేవి సుమారు 45 లీటర్లు. పది గప్పీలుంటే రోజుకు పదో వంతు గ్రాము మేత సరిపోతుంది. అంటే పది రోజులకు ఒక గ్రాము.

మేతలో 40 శాతం మాంసకృత్తులుంటే, గ్రాములో 400 మిల్లీగ్రాములు. మాంసకృత్తుల్లో నత్రజని 16 శాతం, అంటే 64 మిల్లీగ్రాములు. మూడో వంతు చేప ఒంటికి పడుతుందనుకుంటే, మిగిలిన 45 మిల్లీగ్రాముల దాకా నీటిలోకి వస్తుంది. అదంతా నైట్రేటుగా మారితే 200 మిల్లీగ్రాములు, అంటే లీటరుకు నాలుగున్నర.

ఇప్పుడు ఆకు వైపు చూడండి. డక్‌వీడ్ అనే నూకంత మొక్కలో సుమారు 95 శాతం నీరే. పచ్చి ఆకు గ్రాములో రెండున్నర నుంచి మూడు మిల్లీగ్రాముల నత్రజని ఉంటుంది. కాబట్టి ఒక గ్రాము మేత తెచ్చిన మురికిని పట్టుకోవాలంటే 15 నుంచి 18 గ్రాముల పచ్చి ఆకు కొత్తగా పెరగాలి. నీళ్ళు ఓడ్చాక ఓ చిన్న గుప్పెడు.

నైట్రేటు లీటరుకు 40 మిల్లీగ్రాములకు చేరిన తొట్టిలో ఇదే పని నీళ్ళు మార్చి చేయాలంటే, నైట్రేటు లేని నీళ్ళు ఐదు లీటర్లు కావాలి.

పట్టుకున్నది ఎక్కడికీ పోలేదు

పై లెక్కలో గమనించాల్సింది ఒకటుంది. మొక్క నత్రజనిని మాయం చేయలేదు, ఆకుగా మార్చి దాచింది. ఆ ఆకు తొట్టిలోనే ఉన్నంత కాలం నత్రజని కూడా తొట్టిలోనే ఉన్నట్టు. పైనంతా కప్పేశాక కొత్త ఆకుకు చోటు ఉండదు, పెరుగుదల ఆగుతుంది, పీల్చడమూ ఆగుతుంది. అడుగున పడ్డ పాత ఆకులు వెలుతురు అందక పసుపు తిరిగి కుళ్ళడం మొదలుపెడతాయి. కుళ్ళిన ఆకు తాను దాచుకున్న అమ్మోనియాను మళ్ళీ నీటికే అప్పజెబుతుంది.

"మొక్కలు నిండా పెంచాను, అయినా నైట్రేటు తగ్గట్లేదు" అని వాపోయేవారి తొట్టి చూడండి, సూది మోపడానికి సందు లేకుండా ఆకు పరుచుకుని ఉంటుంది. శుభ్రం చేసేది పెరిగే ఆకు. శుభ్రం పూర్తయ్యేది ఆ ఆకును మనం చేత్తో తీసి బయట వేసినప్పుడు. వారానికోసారి గుప్పెడు తీసేయడాన్ని తోటపనిగా కాక, తొట్టి ఫిల్టర్‌లో చివరి అంచెగా చూడాలి.

గోల్డ్‌ఫిష్ ఉన్నవారికి ఇంకో చిక్కు. అవి డక్‌వీడ్‌ను ఇష్టంగా తినేస్తాయి. తింటే నత్రజని మళ్ళీ చేపలోకి, చేపలోంచి నీటిలోకి వచ్చేస్తుంది. అదీ మేలే, ఎప్పుడంటే ఆ మేరకు డబ్బా మేత తగ్గించినప్పుడు. తగ్గించకపోతే గుండ్రంగా తిరుగుతున్న మురికికి కొత్త మురికి చేర్చినట్టే.

ప్రాణవాయువు సంగతి వేరు

మొక్కలుంటే చేపలకు ప్రాణవాయువు దొరుకుతుందన్న నమ్మకానికి నూట డెబ్బై ఏళ్ళు దాటాయి. లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త రెండు చిన్న గోల్డ్‌ఫిష్‌లను, వాలిస్నేరియా అనే నీటిగడ్డిని ఒకే గాజుపాత్రలో పెట్టి, నీళ్ళు మార్చకుండా వాటిని బతికించగలిగాడు. 1850లో దాన్ని కెమికల్ సొసైటీ పత్రికలో రాశాడు. ఇంట్లో అక్వేరియం అనే వాడుక ఊపందుకున్నది ఆ తర్వాతే.

వారింగ్టన్ వాడింది మునిగి పెరిగే మొక్క. అది వదిలే ప్రాణవాయువు నీటిలోనే కరుగుతుంది. తేలే మొక్క అలా కాదు. కార్బన్‌ను పైనుంచి పీల్చే రంధ్రాల గుండానే ప్రాణవాయువును కూడా పైకే, గదిలోని గాలిలోకే వదులుతుంది. వేళ్ళ గుండా నీటికి దిగేది కొంచెమే. అంతకన్నా ముఖ్యమైన సంగతి: తొట్టి నీటికి ప్రాణవాయువు చేరేది ఎక్కువగా నీటి ఉపరితలం మీదనుంచి. ఆకులు దాన్ని కప్పేస్తే ఆ తలుపు మూసుకున్నట్టే. రాత్రి వెలుతురు లేనప్పుడు చేపలు, సూక్ష్మజీవులు, మొక్కలు అందరూ ప్రాణవాయువును వాడేవారే, చేసేవారు లేరు. తెల్లవారుజామున దీపం వేయకముందు చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయంటే, పగలు మాత్రం హుషారుగానే ఉంటున్నాయంటే, ముందు అనుమానించాల్సింది ఆకుల కప్పునే. ఎండాకాలంలో ఇది ముదురుతుంది. వేడి నీటిలో ప్రాణవాయువు తక్కువ కరుగుతుంది, చేప ఒంటికేమో ఎక్కువ కావాలి.

కనీసం మూడో వంతు ఉపరితలం ఖాళీగా ఉంచాలన్నది నేను పాటించే కట్టుబాటు. దానికి తేలికైన ఉపాయం ఉంది. ఎయిర్ పంపుకు వాడే సన్నటి ప్లాస్టిక్ గొట్టాన్ని గుండ్రంగా వంచి, రెండు కొసలనూ జాయింటుతో కలిపితే నీటి మీద తేలే వలయం తయారవుతుంది. మొక్కలను వలయం బయట ఉంచితే లోపలి చోటు ఎప్పుడూ ఖాళీగా ఉంటుంది. మేత అక్కడే వేయొచ్చు. ఫిల్టర్ నీళ్ళు కూడా అక్కడే పడేలా తిప్పితే ఉపరితలం కదులుతుంది, ఆకుల మీద నీళ్ళు చిమ్మవు. ఆకు పైవైపు ఎప్పుడూ తడిసి ఉంటే కుళ్ళుతుంది. గట్టి మూత పెట్టిన తొట్లలో ఆవిరి చుక్కలై కారడం వల్ల ఫ్రాగ్‌బిట్ పోవడం మామూలే.

ఫైటర్ చేప, గౌరామీ పెంచేవారు ఈ ఖాళీ విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి. వాటికి మొప్పలతో పాటు నేరుగా గాలి పీల్చుకునే అవయవం ఉంది. మధ్యమధ్య పైకొచ్చి గుక్క తీసుకోవాలి. అదే సమయంలో మగ ఫైటర్ తన నురగ గూడును ఆకు చాటునే కట్టడానికి ఇష్టపడుతుంది. ఆకూ కావాలి, సందూ కావాలి.

రెట్టింపుల లెక్క

ఈ మొక్కలు మనల్ని ఏమరుపాటులో పట్టుకుంటాయి. మంచి వెలుతురు, ఎరువు ఉంటే డక్‌వీడ్ రెండు మూడు రోజులకు రెట్టింపవుతుంది. రెండడుగుల తొట్టి పైభాగం పూర్తిగా కప్పాలంటే ఇరవై వేల దాకా ఆకులు కావాలి. పది ఆకులతో మొదలుపెడితే పదకొండు రెట్టింపులు. మూడు రోజులకో రెట్టింపు అనుకుంటే 33 రోజులు. మూడు వారాలు గడిచినా మీకు కనిపించేది ఓ మూలన పదమూడు వందల ఆకులు, పైభాగంలో పదిహేనో వంతు. ముప్ఫయ్యో రోజున సగం. ఇంకో మూడు రోజులకు నిండు. ఊరెళ్ళి వారం తర్వాత వచ్చేసరికి తొట్టి చీకటైపోవడం ఇలాగే జరుగుతుంది.

ఈ కుటుంబంలోనే వుల్ఫియా మైక్రోస్కోపికా అనే భారత ఉపఖండపు మొక్క ఉంది. ఆవగింజ కన్నా చిన్నది, వేరు లేదు, మంచి పరిస్థితుల్లో సుమారు 30 గంటల్లో రెట్టింపవుతుంది. పూలు పూసే మొక్కల్లో ఇంతకన్నా వేగంగా పెరిగేది ఇంతవరకు నమోదు కాలేదు.

చిన్న తొట్టికి వీటిలో ఏది మంచిదంటే, నా ఓటు ఫ్రాగ్‌బిట్‌కే, లేదంటే చిన్న సాల్వీనియాకు. రెండూ వేగంగా పెరుగుతాయి, రెండిటినీ వేళ్ళతో ఎత్తి లెక్కపెట్టి తీసేయవచ్చు. డక్‌వీడ్ అన్నిటికన్నా గట్టి పనివాడే, కానీ తొట్టిలోకి ఒకసారి వచ్చాక పూర్తిగా వదిలించుకోవడం గగనం. గోడకు అంటిన ఒక్క ఆకు చాలు, కథ మళ్ళీ మొదలు. అంతరతామర వేళ్ళు గప్పీ పిల్లలకు మంచి దాపు, అయితే అది పెద్దదవుతుంది, వెలుతురూ ఎక్కువ అడుగుతుంది. గుర్రపు డెక్క ఇంటి తొట్టికి పనికిరాదు.

రైతులందరికీ తెలిసిన అజొల్లా గురించి ప్రత్యేకంగా చెప్పాలి. వరిమడిలో ఎరువుగా, పశువులకు మేతగా వాడే ఈ ఫెర్న్‌ను తొట్టిలోనూ వేయొచ్చనుకుంటారు. కానీ దాని ఆకు గదుల్లో కాపురముండే నీలి ఆకుపచ్చ నాచు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందిస్తుంది. మడికి అది వరం. సొంత వంటిల్లు ఉన్న మొక్క కనుక మన తొట్టి నీటిలోని నత్రజని మీద అది మిగతా వాటిలా ఆధారపడదు. నీళ్ళు శుభ్రం చేయడానికి ఎంచుకోవాల్సింది దాన్ని కాదు.

వేరు చెప్పే కబురు

పరీక్ష కిట్ లేనివారు వేళ్ళను చూసి కొంత చదువుకోవచ్చు. నీటిలో ఎరువు తగ్గినకొద్దీ మొక్క తన రాబడిని ఆకు నుంచి వేరుకు మళ్ళిస్తుంది, దూరం వెతకాలి కనుక. ఆకులు చిన్నవై వేళ్ళు పొడవుగా సాగుతుంటే నీటిలో నత్రజని, భాస్వరం పలచబడ్డాయన్నమాట. ఆకులు దండిగా, వేళ్ళు పొట్టిగా ఉంటే నీళ్ళు చిక్కగా ఉన్నాయి, మేత తగ్గించి చూడాలి.

కొత్త ఆకు పుడుతూనే పాలిపోయి, ఈనెలు మాత్రమే పచ్చగా కనిపిస్తుంటే అది నత్రజని కొరత కాదు, ఇనుము అందడం లేదు. మొక్క అన్ని పోషకాల్లో దేనికి కరువో దాని మేరకే పెరుగుతుంది. జర్మన్ శాస్త్రవేత్త యుస్టుస్ ఫాన్ లీబిగ్ పందొమ్మిదో శతాబ్దంలో పొలాలకు ప్రచారం చేసిన ఈ సూత్రం తొట్టికీ వర్తిస్తుంది. ఇనుము లేక మొక్క ఆగిపోతే నైట్రేటు పేరుకుపోతూనే ఉంటుంది. నీటిమొక్కలకని అమ్మే ద్రవ ఎరువు నాలుగు చుక్కలు వేస్తే నైట్రేటు తగ్గడం వింతగా తోస్తుంది, కారణం ఇదే.

నీళ్ళు పచ్చబడే జబ్బుకు కూడా ఈ ఆకులు మందే. నాచు బతికేది అదే వెలుతురుతో, అదే అమ్మోనియాతో. పైనుంచి నీడ, పక్కనుంచి పోటీ వచ్చేసరికి అది వెనక్కి తగ్గుతుంది. అయితే ఆ నీడ నాచుకు, అడుగున నాటిన మొక్కకు తేడా చూడదు. వెలుతురు బాగా కోరే మొక్కలు అడుగున ఉంటే పై కప్పును ఇంకా పలచగా ఉంచుకోవాలి.

బోరు నీళ్ళున్న ఇంట్లో

తాగునీటిలో నైట్రేటుకు భారత ప్రమాణాల సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 45 మిల్లీగ్రాములు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో చాలాచోట్ల భూగర్భజలం ఆ హద్దును దాటుతోంది. పొలాల్లో చల్లే ఎరువులు, పశువుల పేడ, మరుగు గుంతలు అందుకు కారణాలు. అలాంటి బోరున్న ఇంట్లో తొట్టి నీళ్ళు ఎంత శ్రద్ధగా మార్చినా నైట్రేటు తగ్గదు. పోసే నీళ్ళలోనే అది ఉంది మరి. తేలే మొక్క విలువ బాగా తెలిసొచ్చేది ఇలాంటి చోటే. బకెట్లో బోరు నీళ్ళు పట్టి, అందులో మొక్కలు వేసి, ఎండ తగిలే చోట వారం ఉంచి, ఆ నీళ్ళను తొట్టికి వాడుకునేవారున్నారు. మంచి పద్ధతి.

బయట పెట్టే బకెట్లు, తొట్లలో మాత్రం దోమల మీద కన్నుండాలి. మాన్సోనియా జాతి దోమ పిల్లలు ఊపిరి కోసం నీటి పైకి రావు. అంతరతామర, గుర్రపు డెక్క లాంటి మొక్కల వేళ్ళకు గుచ్చుకుని వాటిలోని గాలినే పీలుస్తాయి, అందుకే పైనుంచి చూస్తే కనిపించవు. కేరళలోని చేర్తల ప్రాంతంలో బోదకాలు వ్యాపించడానికి ఈ దోమే కారణం. పుదుచ్చేరిలోని వెక్టర్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్ 1980ల రెండో భాగంలో అక్కడ చెరువుల్లోని ఈ మొక్కలను తీయించి, చేపల పెంపకాన్ని ప్రోత్సహించడం ద్వారా దోమను అదుపు చేసే పని చేపట్టింది.

తీసిన గుప్పెడు ఎక్కడ వేయాలి?

కాలువలోనో చెరువులోనో మాత్రం కాదు. కొల్లేరులో, హైదరాబాద్ చెరువుల్లో ప్రొక్లెయిన్లు పెట్టి ఎత్తిపోసినా తరగని గుర్రపు డెక్క ఈ దేశపుది కాదు, దక్షిణ అమెరికా నుంచి పూల అందం కోసం వచ్చింది. సాల్వీనియా మోలెస్టా బ్రెజిల్ మొక్క. కేరళలో వరిపొలాలను, పడవ దారులను మూసేసింది. 1980ల్లో దాన్ని తినే బ్రెజిల్ ముక్కుపురుగును ఆస్ట్రేలియా మీదుగా తెప్పించి వదిలాకే అక్కడివారికి ఊరట దొరికింది. ఇంటి తొట్టిలో మనకు మేలు చేసే గుణాలే, వేగం, తేలడం, చిన్న ముక్క నుంచి మళ్ళీ పుట్టడం, చెరువులో వాటిని ఆపలేనివిగా చేస్తాయి. దానికి తోడు మన చెరువుల్లోకి మురుగునీటి నత్రజని రోజూ దిగుతూనే ఉంది.

తీసిన ఆకును పాత గుడ్డ మీదో పళ్ళెంలోనో పరిచి, రెండు మూడు రోజులు మంచి ఎండలో పెట్టండి. పట్టుకుంటే పొడి అయ్యేదాకా ఎండాలి. పచ్చిగా ఉన్న ముక్క ఒక్కటి సింకులోంచి మురుగు కాలువకు చేరినా బతికే అవకాశం ఉంది. ఎండిన దాన్ని చేత్తో నలిపి, కరివేపాకు కుండీలో మట్టి పైపొర కింద కలిపి నీళ్ళు పోయండి. తొట్టిలో వేసిన మేత తాలూకు నత్రజని అక్కడి సూక్ష్మజీవుల చేతుల్లో కొన్ని వారాల్లో విడుదలై కరివేపాకు వేళ్ళకు అందుతుంది. తొట్టి నుంచి తోడిన పాత నీళ్ళు కూడా అదే కుండీకి పోయవచ్చు, చేపలకు మందులు, ఉప్పు వేసిన వారంలో తప్ప.